ఒకే వేలిని నాలుగైదు సార్లు స్కాన్ చేసి కలిపితే వేలిముద్ర బాగా పడుతుందా?

అడిగింది క్లుప్తంగా ఇదీ. విశాఖలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌కి హాజరు సాఫ్ట్‌వేర్ చూస్తున్నారు. నాలుగు వందల మంది దాకా పనివాళ్లు, ఎక్కువమంది ఆడవాళ్లే. పొద్దున లోపలికి వచ్చేటప్పుడు పంచ్ బాగానే పడుతోంది, సాయంత్రం వెళ్లేటప్పుడు మాత్రం చాలామందికి వేలిముద్ర పడట్లేదు. ఒక్కో వేలిని నాలుగైదు సార్లు స్కాన్ చేసి, ఆ బొమ్మలన్నీ అతికించి ఒకటే నిండైన ముద్రగా పెట్టుకుంటే సమస్య తీరుతుందా అని ప్రశ్న.

ఎక్కువ స్కాన్లు వాడితే చాలావరకు తీరుతుందండి. కాకపోతే బొమ్మలు అతికించకండి. స్కాన్లను వేర్వేరు టెంప్లేట్లుగానే (ముద్రలోంచి మెషీన్ తీసి దాచుకునే వివరాలుగా) దాచండి, వాటిలో ఒకటైనా సాయంత్రం పని దిగాక తీసినది ఉండాలి. అదే వేలికి మూడో స్కాన్ కంటే రెండో వేలు ఎక్కువ మేలు చేస్తుంది. ఇదంతా అయ్యాక థ్రెషోల్డ్ పెంచాలి, అంటే రెండు ముద్రలు ఎంత కలిశాయో చెప్పే స్కోరు ఏ గీత దాటితే ఒకే వేలు అనుకోవాలో ఆ గీతని. పెంచాలి అంటున్నాను, తగ్గించాలి అనట్లేదు. మీ దగ్గర గొడవ భరించలేక ఎవరో ఒకరు ఇప్పటికే తగ్గించి ఉంటారు, ముందు అది చూసుకోండి.

నేను గాజువాక, పరవాడ, హార్బర్ వైపు యూనిట్లకి ఈ మెషీన్లు పెట్టి, వాటి వెనకాల సాఫ్ట్‌వేర్ రాసి, షిఫ్ట్ మారే టైముకి గేటు దగ్గర నిలబడి మాటలు పడే పనిలో ఉన్నాను. కాబట్టి నా జవాబులో గేటు దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ ఉంటుంది.

అసలు సాయంత్రమే ఎందుకు పడదో అర్థమైతే మిగతాది సులువు. హాజరు మెషీన్లలో సాధారణంగా ఉండే సెన్సర్ 500 డీపీఐ, అంటే ఒక పిక్సెల్ దాదాపు 0.05 మిల్లీమీటర్లు. వేలిమీద ఒక గీతకీ పక్క గీతకీ దూరం సుమారు అర మిల్లీమీటరు, అంటే బొమ్మలో తొమ్మిది పది పిక్సెళ్లు. మెషీన్ దాచుకునేది బొమ్మని కాదు. గీత ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ రెండుగా చీలింది, అక్కడ ఏ దిక్కుకి తిరిగి ఉంది, ఈ పాయింట్ల జాబితాని దాచుకుంటుంది. వీటినే మినూషియా అంటారు, ఆ జాబితానే టెంప్లేట్. ఇప్పుడు రొయ్యలు వలిచే చేతులు చూడండి. షిఫ్ట్ అంతా ఐస్ నీళ్లలో నానతాయి, పెంకు అంచులు చర్మాన్ని గీకుతూనే ఉంటాయి, మధ్యమధ్యలో క్లోరిన్ నీళ్లలో ముంచాలి. సాయంత్రానికి వేలి కొసలు ముడతలు పడి ఉంటాయి. ముడత ఒకటి గీతల మీదుగా అడ్డంగా పోయిందంటే, అది తెంపిన ప్రతి గీతా సాఫ్ట్‌వేర్‌కి రెండు కొసలుగా కనిపిస్తుంది, లేని పాయింట్లు పుట్టుకొస్తాయి. దానికి తోడు తడి. తడి వేలు అద్దం మీద పెడితే పక్కపక్క గీతలు అంటుకుపోయి, అక్కడ లేని చీలికలు కనిపిస్తాయి. మొత్తం మీద సాయంత్రం వేలు మెషీన్ దృష్టిలో సగం కొత్త వేలు.

మరి మీరు ఎన్‌రోల్‌మెంట్, అంటే వేలిముద్ర మొదటి నమోదు, ఎప్పుడు చేశారు? పనిలో చేరిన రోజు, పొద్దున, ఆఫీసు గదిలో, ఫ్యాను కింద, పొడి చేత్తో. మెషీన్ మూడుసార్లు నొక్కమంటుంది, అర నిమిషంలో మూడూ అయిపోతాయి. చాలామంది వేలు పూర్తిగా ఎత్తను కూడా ఎత్తరు, కొంచెం లేపి మళ్లీ నొక్కేస్తారు. ఆ మూడు స్కాన్లూ ఒకే పరిస్థితిలో, ఒకే ఒత్తిడితో, వేలి మీద ఒకే భాగాన్ని పట్టుకున్నవి. మూడు కాదు ముప్పై తీసినా అందులో కొత్త సమాచారం ఉండదు. మీ యూనిట్‌లో తప్పు జరిగింది ఇక్కడే అని నా అనుమానం, మ్యాచింగ్ అల్గారిథమ్‌లో కాదు.

ఇక కలపడం సంగతి. దీనికి మూడు దారులున్నాయి.

మొదటిది, బొమ్మలు అతికించడం. మీరు అడిగింది ఇదే, దీన్ని మొజాయికింగ్ అంటారు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో అనిల్ జైన్, అరుణ్ రాస్ 2002లోనే దీని మీద పేపర్ రాశారు. సెన్సర్ మరీ చిన్నదై వేలిలో ముక్క మాత్రమే కనిపించేటప్పుడు ఇది పనికొస్తుంది. మీ మెషీన్‌లో అద్దం పెద్దదే అయ్యుంటుంది, వేలి కొస దాదాపు పూర్తిగా పడుతుంది, కొత్తగా అతికించడానికి మిగిలేది అంచుల్లో కాస్తే. నష్టం మాత్రం ఎక్కువ. చర్మం సాగుతుంది కదండీ, ఒకసారి ఎడమకి లాగి పెడతారు, ఒకసారి గట్టిగా నొక్కుతారు. రెండు బొమ్మల్లో మధ్య గీతలు సరిగ్గా కలిపితే అంచు గీతలు రెండు మూడు పిక్సెళ్లు పక్కకి జరిగి ఉంటాయి. గీతల మధ్య దూరమే పది పిక్సెళ్లయితే ఈ మాత్రం తేడా చాలు అతుకు పొడవునా దొంగ పాయింట్లు పుట్టడానికి. పొద్దుటి బొమ్మకీ సాయంత్రపు ముడతల బొమ్మకీ అతుకు వేశారంటే రెంటికీ చెడుతుంది.

రెండోది, పాయింట్ల జాబితాలు కలపడం. నాలుగు స్కాన్ల నుంచి నాలుగు జాబితాలు తీసి, ఒకదానిమీద ఒకటి సరిపెట్టి, కనీసం రెండింటిలో కనిపించిన పాయింట్లనే ఉంచడం. ఇది మంచి పద్ధతే, ముడత వల్లో తడి వల్లో పుట్టిన దొంగ పాయింట్లు చాలా రాలిపోతాయి. రాసేవాళ్లు ఇక్కడ ఒక సంగతి మరిచిపోతుంటారు. ఒక్క స్కాన్‌లోనే కనిపించిన పాయింటు దొంగదని అప్పుడే అనకూడదు, ఆ చోటు మిగతా స్కాన్లలో అసలు పడిందా లేదా చూడాలి. మిగతా మూడింటిలో ఆ చోటు పడి కూడా పాయింటు లేకపోతే తీసేయండి. ఆ చోటే పడకపోతే ఉంచండి. ఈ ఒక్క పరీక్ష లేకుండా రాస్తే జాబితా మధ్యకి కుంచించుకుపోయి, వేలు కాస్త పక్కకి పెట్టిన మనిషికి పంచ్ పడటం ఆగిపోతుంది.

మూడోది, అన్నీ విడివిడిగా ఉంచి స్కోర్లు కలపడం. నేను మీకు చెప్పేది ఇదే. ఒక్కో వేలికి మూడు టెంప్లేట్లు దాచండి. గేటు దగ్గర వేలు పెట్టగానే మూడింటితోనూ పోల్చి, మూడు స్కోర్లలో పెద్దది తీసుకోండి. జాగా గురించి బెంగ వద్దు. టెంప్లేట్లు దాచడానికున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 19794-2 రికార్డు ఫార్మాట్‌లో ఒక్కో పాయింటుకి ఆరు బైట్లే, యాభై పాయింట్ల టెంప్లేట్ మూడొందల బైట్ల పైచిలుకు, అంతే. నాలుగు వందల మందికి రెండేసి వేళ్లు, మూడేసి టెంప్లేట్లు దాచినా ఒక మెగాబైటు నిండదు.

సగటు ఎందుకు కాదు, పెద్దదే ఎందుకు అంటారా? సాయంత్రపు వేలు పొద్దుటి టెంప్లేట్లతో ఎలాగూ తక్కువ స్కోరే తెచ్చుకుంటుంది. సగటు తీస్తే సాయంత్రపు టెంప్లేట్ తెచ్చిన మంచి స్కోరుని ఆ రెండూ కిందికి లాగేస్తాయి. అన్ని టెంప్లేట్లూ ఒకే పరిస్థితిలో తీసినవైతే సగటు పర్వాలేదు. మీది ఆ కేసు కాదు.

మూడు టెంప్లేట్లూ ఏవి ఎంచుకోవాలన్నది అసలైన పని, మనవాళ్లు ఎక్కువగా వదిలేసేదీ ఇదే. రెండు మూడు రోజుల్లో పొద్దున కొన్ని, మధ్యాహ్నం భోజనం తర్వాత కొన్ని, సాయంత్రం కొన్ని, మొత్తం ఎనిమిది దాకా స్కాన్లు తీయండి. ప్రతిసారీ వేలు పూర్తిగా ఎత్తించి, మళ్లీ పెట్టించండి. తర్వాత ఎనిమిదింటినీ ఒకదానితో ఒకటి పోల్చి స్కోర్ల పట్టిక వేయండి. దగ్గరదగ్గర స్కోర్లున్నవి గుంపులుగా విడిపోతాయి, మీ యూనిట్‌లో పొడి గుంపు, తడి గుంపు స్పష్టంగా కనిపిస్తాయని నా నమ్మకం. ఒక్కో గుంపు నుంచి, ఆ గుంపులో మిగతావాటితో బాగా కలిసేదాన్ని ఒకటి తీయండి. పైన చెప్పిన జైన్, రాస్‌లే ఉముట్ ఉలుదాగ్‌తో కలిసి 2004లో ఈ రకం ఎంపిక గురించి రాసింది. మొత్తం ఎనిమిదిలోంచి సగటున ఎక్కువ స్కోరున్న మూడింటిని తీస్తే మాత్రం మూడూ పొడి గుంపు నుంచే వస్తాయి, మళ్లీ మొదటికే వస్తారు.

బాగాలేని స్కాన్‌ని లోపలికి రానివ్వకూడదు, అది వేరే సంగతి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వాళ్ల ఎన్‌ఎఫ్‌ఐక్యూ 2 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒక్కో బొమ్మకి 0 నుంచి 100 దాకా నాణ్యత మార్కు ఇస్తుంది. పాత ఎన్‌ఎఫ్‌ఐక్యూలో 1 బాగున్నట్టు, 5 బాగాలేనట్టు, ఇందులో తిరగబడింది, కలగాపులగం చేసుకోకండి. సాయంత్రపు స్కాన్లకి మార్కులు ఎలాగూ తక్కువే వస్తాయి కాబట్టి అందరికీ ఒకే గీత గీయొద్దు, ఆ మనిషికి ఆ పూట వచ్చినవాటిలో మెరుగైనది తీసుకోండి.

ఇప్పుడు థ్రెషోల్డ్. ఇది కాస్త నిదానంగా చదవండి, జీతాల గొడవలు వచ్చేది ఇక్కడే.

పరాయి వేలుని పొరపాటున మనదే అనుకునే అవకాశం ఒక్కో పోలికకి పది వేలలో ఒకటి అనుకోండి, అంటే 0.01 శాతం. వేలిముద్రలు పోల్చడానికి ఓపెన్‌సోర్స్‌లో దొరికే సోర్స్‌ఏఫిస్ లైబ్రరీలో స్కోరు 40 దగ్గర గీత గీస్తే దాదాపు ఇదే. వినడానికి చాలా గట్టిగా ఉంది. కానీ ఎవరో తెలియని ఒక వేలుని నాలుగు వందల మందితో పోలిస్తే ఎక్కడో ఒకచోట తప్పుగా కలిసే అవకాశం దాదాపు 4 శాతానికి పోతుంది. మీరు ఒక్కో వేలికి మూడు టెంప్లేట్లు పెట్టారు, మనిషికి ఒక్క వేలే లెక్కేసినా 1200 పోలికలు, ఇప్పుడది దాదాపు 11 శాతం. ఒకే మనిషి టెంప్లేట్లు ఒకదానికొకటి పూర్తిగా వేరు కావు కాబట్టి నిజంగా ఇంతకన్నా కొంత తక్కువే ఉంటుంది, అయినా పెరగడం మాత్రం ఖాయం. అందుకే టెంప్లేట్లు పెంచినప్పుడు గీత కూడా పైకి జరపాలి. లక్షలో ఒకటికి బిగిస్తే అదే 1200 పోలికలకి ఒక శాతం పైచిలుకు దగ్గర ఆగుతుంది. ఇంత బిగిస్తే మళ్లీ పడదేమో అన్న టెన్షన్ అక్కర్లేదు, సరైన సాయంత్రపు టెంప్లేట్ ఉంటే అసలు మనిషి స్కోరు గీతకి చాలా పైన ఉంటుంది. ఉండట్లేదంటే ఎంపిక సరిగ్గా జరగలేదన్నమాట.

పరవాడ వైపు ఒక యూనిట్‌లో పంచ్ పడట్లేదన్న ఫిర్యాదులు తట్టుకోలేక థ్రెషోల్డ్ బాగా కిందికి దించేశారు. వారం పాటు అందరూ సంతోషించారు. నెలాఖరుకి చూస్తే సెలవులో ఉన్న మనిషికి హాజరు పడింది, డ్యూటీ చేసిన మనిషికి ఆబ్సెంట్. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ కథ. ఆ తర్వాత నన్ను పిలిచారు.

ఇంకా తేలికైన దారి కూడా ఉంది, చాలామంది చిన్నతనంగా చూస్తారు గానీ నేను వీలైనచోటల్లా ఇదే పెట్టిస్తాను. ఐడీ కార్డు తాకించి తర్వాత వేలు పెట్టడం. అప్పుడు నాలుగు వందల మందితో పోల్చే పని లేదు, ఆ ఒక్క మనిషి టెంప్లేట్లతోనే పోలిక. లెక్క 1200 నుంచి మూడుకి దిగిపోతుంది. ఇక్కడైతే థ్రెషోల్డ్ కొంచెం సడలించినా ప్రమాదం లేదు. కార్డు ఇంట్లో మరిచిపోయిన రోజు గొడవ ఉంటుంది, ఒప్పుకుంటాను.

రెండో వేలు సంగతి. ఒక వేలు వందలో పదిసార్లు పడట్లేదనుకోండి. రెండో వేలు కూడా అంతే, ఒకదానికి ఒకటి సంబంధం లేకుండా ఉంటే, రెండూ ఒకేసారి పడకపోవడం వందలో ఒక్కసారి. అదే వేలుని రెండుసార్లు పెడితే ఈ లెక్క రాదు, ఎందుకంటే గీతలు అరిగిపోయిన వేలు మొదటిసారి ఎందుకు పడలేదో రెండోసారీ అందుకే పడదు. నిజానికి ఒకే మనిషి రెండు వేళ్లకీ కొంత సంబంధం ఉంటుంది, రెండూ అదే నీళ్లలో నానాయి కదా, అయినా లాభం బాగా కనిపిస్తుంది. ఆధార్ వాళ్లు పది వేళ్లూ, రెండు కనుపాపలూ తీసుకుని, మంచి వేలేదో చూసుకునే సదుపాయం పెట్టింది ఊరికే కాదు.

ఏ వేళ్లు? అందరూ అలవాటుగా కుడి బొటనవేలు, కుడి చూపుడువేలు తీసుకుంటారు. రొయ్య వలిచేది ఆ రెండింటితోనే, అన్నిటికన్నా ముందు అరిగేవీ అవే. ఎడమచేతి మధ్యవేలు, ఉంగరపువేలు తీసుకోండి. చిటికెన వేలు వద్దు, పెట్టిన ప్రతిసారీ వేరే కోణంలో పడుతుంది. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లని ముందే అడిగి తిప్పి తీసుకోండి. ఆటోనగర్‌లో గ్రైండింగ్, వెల్డింగ్ చేసేవాళ్ల దగ్గర కూడా నాకు ఈ ఉంగరపువేలే నిలబడింది.

ఫోనులో వేలు పదిసార్లు తాకించుకుని బాగానే గుర్తుపడుతోంది కదా అని కొందరు అడుగుతారు. ఫోను సెన్సర్ చిన్నది, అది ముక్కలు ముక్కలుగా చాలా టెంప్లేట్లు దాచుకుంటుంది, కలిసినదానితో తెరుచుకుంటుంది. అక్కడ పోల్చేది యజమాని ఒక్కరితోనే. ఆపిల్ కూడా టచ్ ఐడీ గురించి ఒక్కో వేలికి 50 వేలలో ఒకటి అని చెబుతూ, వేళ్లు ఎక్కువ నమోదు చేస్తే ఆ అవకాశం పెరుగుతుందనే చెబుతుంది. 2017లో న్యూయార్క్ యూనివర్సిటీ, మిషిగన్ స్టేట్ పరిశోధకులు ఇలా ముక్కల టెంప్లేట్లు ఎక్కువగా దాచే పద్ధతిలో, చాలామంది ముద్రలతో కలిసిపోయే మాస్టర్‌ప్రింట్లు దొరకొచ్చని చూపించారు. కాబట్టి ఫోను పద్ధతిని నాలుగు వందల మంది గేటుకి తెచ్చి పెట్టకండి.

కలపడం నిజంగా గొప్పగా జరిగేది సెన్సర్ లోపల. మల్టీస్పెక్ట్రల్ సెన్సర్లని ఉన్నాయి, ల్యూమిడైమ్ అనే కంపెనీ తెచ్చింది, 2014లో దాన్ని హెచ్‌ఐడీ గ్లోబల్ కొనేసింది. వేలు ఒక్కసారి పెడితే వేర్వేరు రంగుల వెలుగుతో, వేర్వేరు కోణాల్లో చాలా బొమ్మలు తీసి ఒకటిగా కలుపుతుంది, చర్మం పైపొర కింద ఉన్న గీతల ఆనవాళ్లు కూడా అందులో వస్తాయి. వేలు కదలకముందే అన్నీ తీసేస్తుంది కాబట్టి మనకొచ్చే అతుకు సమస్య దానికి రాదు. తడి చేతులకి ఇది మామూలు ఆప్టికల్ కన్నా చాలా మేలు. ఖరీదు ఎక్కువ. గేట్లన్నిటికీ కాకపోయినా పీలింగ్ సెక్షన్ (రొయ్యలు వలిచే) వాళ్లు బయటికి పోయే గేటుకి ఒకటి పెట్టమని మేనేజ్‌మెంట్‌ని అడిగి చూడండి.

కాలంతో పాటు టెంప్లేట్లు మార్చుకోవడం గురించి మీరు అడగలేదు గానీ రేపు అడుగుతారు. చాలా ఎక్కువ స్కోరుతో కలిసినప్పుడు ఆ కొత్త స్కాన్‌తో పాతదాన్ని మార్చొచ్చు. రెండు షరతులు. మొదటి రోజు ఎదురుగా మనిషిని చూసి తీసిన టెంప్లేట్ ఒకటి ఎప్పటికీ తీసేయకూడదు. మార్చడానికి పెట్టే గీత, గేటు తెరవడానికి పెట్టే గీత కన్నా బాగా పైన ఉండాలి. లేకపోతే ఒక్కసారి పరాయి వేలు పొరపాటున కలిసిందంటే ఆ వేలే మెల్లగా సొంతదారు అయిపోతుంది.

అమలు చేసేముందు కొలవండి. మీ సాఫ్ట్‌వేర్‌ని ముందు పబ్లిక్ డేటా మీద ఆడించుకోవాలంటే బొలోన్యా యూనివర్సిటీ వాళ్లు వేలిముద్ర సాఫ్ట్‌వేర్ల పోటీ కోసం పెట్టిన ఎఫ్‌వీసీ 2004 డేటాబేస్‌లు చూడండి, ఒక్కో వేలికి ఎనిమిది స్కాన్లు, అందులో కొన్ని కావాలనే వేలు ఆరబెట్టి, కొన్ని తడిపి, కొన్ని చర్మం లాగి తీయించినవి. మీ సమస్యకి అతికినట్టు సరిపోతాయి. తర్వాత మీ యూనిట్ వాళ్ల సాయంత్రపు స్కాన్లతో కొలవండి. టెంప్లేట్లు తీసిన స్కాన్లతోనే కొలిస్తే ఫలితం అద్భుతంగా వస్తుంది, దానికి విలువ లేదు, కొలతకి వేరే రోజుల స్కాన్లు వాడాలి. ఇంకోటి, పరాయి వేళ్లతో చేసిన మూడు వేల పోలికల్లో ఒక్క తప్పూ రాలేదంటే తప్పే లేదని కాదు, వెయ్యిలో ఒకటి దాకా ఉండొచ్చనే అర్థం. మూడుని పోలికల సంఖ్యతో భాగిస్తే వచ్చే పైహద్దు అది.

సాఫ్ట్‌వేర్ కాని పనులు కూడా కొన్ని ఉన్నాయి, ఒక్కోసారి వీటితోనే సగం ఫిర్యాదులు పోతాయి. బయటికి పోయే పంచ్ మెషీన్‌ని పీలింగ్ హాలు తలుపు పక్కన కాకుండా, బట్టలు మార్చుకునే గది దాటాక గేటు దగ్గర పెట్టండి, చేతులు తుడుచుకుని బట్టలు మార్చుకునేలోపు ముడతలు కొంత సర్దుకుంటాయి. పక్కన ఆరిన తువాలు ఒకటి ఉంచండి. శానిటైజర్ పెట్టొద్దు, అది వేలిని మరీ ఎండబెడుతుంది. అద్దం మీద ముందు మనిషి జిడ్డు మిగిలితే తర్వాతి మనిషి ముద్రలో అదీ కలుస్తుంది, పూటకి రెండుసార్లయినా మెత్తని బట్టతో తుడిపించండి. మన ఊళ్లో తూర్పు ముఖం గేట్లు ఎక్కువ, పొద్దుటి ఎండ నేరుగా ఆప్టికల్ సెన్సర్ మీద పడితే బొమ్మ తెల్లబడిపోతుంది, ఒక చిన్న రేకు అడ్డం పెడితే చాలు.

ఎవరో కింద కామెంట్లలో ఆధార్ వేలిముద్రలు తీసుకుని లోడ్ చేసుకోవచ్చా అని అడిగారు. కుదరదు. 2016 ఆధార్ చట్టం సెక్షన్ 29 ప్రకారం ఆ బయోమెట్రిక్స్ ఎవరికీ ఇవ్వరు. మీరు తీసుకునే ముద్రలు కూడా టెంప్లేట్లుగా, ఎన్‌క్రిప్ట్ చేసి దాచండి, కొలతల కోసం ఉంచుకున్న బొమ్మలు పని అయిపోగానే చెరిపేయండి. మనిషి పని మానేస్తే టెంప్లేట్లు కూడా తీసేయాలి.

ఎంత చేసినా కొందరికి పడదు. వేళ్ల మీద గీతలే మిగలని వాళ్లుంటారు, ఏళ్ల తరబడి ఇదే పని చేసినవాళ్లు. వాళ్ల పేర్లకి కార్డు, సూపర్‌వైజర్ సంతకం ఉన్న రిజిస్టరు పెట్టి, దానికీ పంచ్‌కీ జీతంలో తేడా లేకుండా ముందే రాయించుకోండి. మెషీన్ పట్టలేదని ఒకామెకి పూట కూలి కోసే యూనిట్‌లో నేను ఎంత మంచి అల్గారిథమ్ పెట్టినా నాకు మర్యాద దక్కలేదు, దక్కకపోవడం న్యాయమే.

చివరిగా, మీ మెషీన్ మోడల్ ఏదో, అది బయటికి స్కోరు ఇస్తుందో లేదో చెప్పండి. మ్యాచింగ్ అంతా లోపలే చేసి అవును, కాదు మాత్రమే చెప్పే మెషీన్ అయితే పైన చెప్పిన ఎంపిక, థ్రెషోల్డ్ పనులు సగం మీ చేతిలో ఉండవు. అప్పుడు చేయగలిగేది ఒకటుంది. చాలా మెషీన్లలో ఒక్కో మనిషికి పది వేళ్ల దాకా ఖాళీలుంటాయి. ఉంగరపువేలుని పొద్దున ఒక ఖాళీలో, అదే వేలుని సాయంత్రం అదే మనిషి కింద ఇంకో ఖాళీలో నమోదు చేయండి. ఈ వేలు ముందే ఉంది అని మెషీన్ అడ్డుపడుతుందేమో అనుకుంటారు. సాయంత్రం అది గుర్తుపట్టలేకపోవడమే కదా మన బాధ, గుర్తుపట్టని వాళ్లకి అడ్డూ పడదు. ఎవరిని గుర్తుపట్టి అడ్డుపడిందో వాళ్లకి ఆ రెండో నమోదు అవసరమే లేదు.